పాత పిస్టల్, కొత్త తూటా: పీడనం గీసే హద్దు

తుపాకి ఏదైనా ఫలానా పీడనం వరకు తట్టుకోవాలని లెక్కకట్టి చేసిన యంత్రం. ట్రిగ్గర్ నొక్కగానే తూటా అడుగున ఉన్న క్యాప్ మీద పిన్ను కొడుతుంది. క్యాప్‌లో పుట్టిన నిప్పు లోపలి మందును అంటిస్తుంది. మందు వాయువుగా మారి గుండును బ్యారెల్ వెంట తోస్తుంది. సెకనులో వెయ్యో వంతు అటూ ఇటూగా ముగిసే ఈ పనిలో వాయువు గుండును ఒక్కదాన్నే తోయదు. తూటా కూర్చునే ఛాంబర్ గోడలను పక్కలకు, తూటా అడుగును వెనక్కి, అదే పీడనంతో నెడుతుంది. ఈ పీడనాన్ని చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు, అంటే పి.ఎస్.ఐ., అని కొలుస్తారు. కారు టైరులో ఉండే గాలి సుమారు 30 పి.ఎస్.ఐ. మన దేశంలో లైసెన్స్ మీద దొరికే .32 రివాల్వర్ తూటాలో పుట్టే పీడనానికి అమెరికా ప్రమాణాల సంస్థ పెట్టిన గరిష్ఠ హద్దు 15,000 పి.ఎస్.ఐ. 9 మి.మీ. పిస్టల్ తూటాకు ఆ హద్దు 35,000.

పిస్టల్ చేసినవాళ్లు ఉక్కు మందం, స్ప్రింగు బలం, ముందుకు వెనక్కి కదిలే స్లైడ్ బరువు అన్నీ ఆనాటి తూటా పీడనాన్ని బట్టే నిర్ణయించారు. పిస్టల్ వయసు పెరుగుతోంది. తూటాలు మాత్రం ఏ తరానికి ఆ తరం వేగంగా, బలంగా మారుతున్నాయి. పాత పిస్టల్లో ఎక్కువ పీడనం ఉన్న తూటా వాడొచ్చా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో లైసెన్స్ తుపాకి ఉన్న రైతు, జిన్నింగ్ మిల్లు యజమాని, బ్యాంకు గార్డు, మాజీ సైనికుడు ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొనే ప్రశ్న ఇది. జవాబు తెలియకపోతే పోయేవి చేతివేళ్లు, చూపు, ఒక్కోసారి ప్రాణం.

పత్తి గింజ నుంచి తుపాకిమందు దాకా

పాతకాలపు తుపాకిమందు సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన పొడి. దట్టమైన పొగ వస్తుంది, మసి మిగులుతుంది, పీడనం తక్కువ. 1846లో జర్మన్-స్విస్ రసాయన శాస్త్రవేత్త షోన్‌బైన్ దూదిని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల్లో ముంచి, భగ్గున మండిపోయే గన్‌కాటన్‌ను తయారుచేశాడు. అది అదుపు లేకుండా మండేది. 1884లో ఫ్రెంచి ఇంజనీరు పాల్ వియే దాన్ని మెత్తబరిచి, రేకులుగా చేసి, నిలకడగా మండేలా మార్చాడు. పొగరాని మందు అలా వచ్చింది. 1887లో ఆల్ఫ్రెడ్ నోబెల్ బాలిస్టైట్, 1889లో బ్రిటన్‌లో ఏబెల్, డ్యూవర్ కార్డైట్ తయారుచేశారు. బ్రిటిష్ ఇండియా సైన్యానికి కావలసిన కార్డైట్ కోసం నీలగిరుల్లోని అరువంకాడులో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫ్యాక్టరీ పెట్టారు. అది నేటికీ నడుస్తోంది.

ఈ మందుకు మూలం పత్తి. జిన్నింగ్‌లో పొడవు దూది తీసేశాక గింజను అంటిపెట్టుకుని పొట్టి నూగు మిగులుతుంది. నూనె మిల్లుల్లో గింజను గానుగకు పంపేముందు ఆ నూగును గీకి తీస్తారు. దానికే లింటర్ అని పేరు. శుద్ధిచేసిన లింటర్ దాదాపు స్వచ్ఛమైన సెల్యులోజ్. నైట్రోసెల్యులోజ్ తయారీకి ప్రపంచమంతా వాడే ముడిసరుకుల్లో ఇది ముఖ్యమైనది. చిలకలూరిపేట, నరసరావుపేట, పర్చూరు పరిసరాల రైతులు పండించే పత్తి గింజ మీది నూగు కూడా ఈ జాతి పదార్థమే.

పొగరాని మందు రాకతో పీడనం లెక్కే మారిపోయింది. అదే బరువు మందుకు మరింత శక్తి వచ్చింది. పాత మందుకోసం చేసిన తుపాకుల్లో కొత్త మందు తూటాలు వేస్తే బ్యారెళ్లు పగిలాయి. లండన్, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌసులు కొత్త మందును తట్టుకున్న తుపాకికి వేరే ముద్ర వేయడం అప్పుడే మొదలైంది. పాత పిస్టల్, కొత్త తూటా సమస్య కూడా అప్పటిదే.

పాత ఆయుధాలు ఇంకా ఎందుకు మిగిలాయి

స్వాతంత్ర్యానికి ముందు, ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఇంగ్లండ్, బెల్జియం, జర్మనీ, స్పెయిన్, అమెరికా తుపాకులు మన దేశంలోకి దిగుమతి అయ్యేవి. 1980ల నుంచి వ్యక్తులు తుపాకులు దిగుమతి చేసుకునే దారులు దాదాపు మూసుకుపోయాయి. అప్పటికే దేశంలో ఉన్న విదేశీ పిస్టళ్లు, రివాల్వర్లు తండ్రి నుంచి కొడుక్కి, ఒక లైసెన్సుదారు నుంచి మరొకరికి చేతులు మారుతూ వస్తున్నాయి. డెబ్భై, ఎనభై ఏళ్ల వెబ్లీ, కోల్ట్, బ్రౌనింగ్, మౌజర్ పిస్టళ్లు ఇప్పటికీ లైసెన్స్ పుస్తకాల్లో కనిపించడానికి కారణమిదే. వాటి వెల ఎక్కువ, మోజు ఎక్కువ. లోపలి ఉక్కు వయసు మాత్రం పైకి కనపడదు.

ఇంకోవైపు దేశీయంగా ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీలు చేసిన ఆయుధాలున్నాయి. కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వర్, పశ్చిమ బెంగాల్‌లో తయారయ్యే అశని .32 పిస్టల్ వీటిలో ఎక్కువగా కనిపించేవి. 2021 అక్టోబరు 1న ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దుచేసి ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడదీశారు. ఆయుధాల తయారీ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్‌కు, తూటాల తయారీ మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్‌కు వెళ్లాయి. పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీ తూటాల మీద కె.ఎఫ్. అన్న అక్షరాలు చాలామంది లైసెన్సుదారులకు పరిచయమే.

రెండు .32లు, రెండు పీడనాలు

తెలుగు నేల మీద లైసెన్సుదారులు అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిన తేడా ఇది. ‘.32 రివాల్వర్’, ‘.32 పిస్టల్’ అని రెండింటికీ ఒకే అంకె ఉన్నా వాటి తూటాలు ఒకటి కావు.

రివాల్వర్ తూటా పేరు .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్. 1890ల నాటి అమెరికన్ రూపకల్పన. మందు నింపే ఇత్తడి గొట్టాన్ని కేసు అంటారు. దీని కేసు పొడవు సుమారు 23 మి.మీ. అడుగున వెడల్పాటి అంచు ఉంటుంది. గరిష్ఠ పీడనం 15,000 పి.ఎస్.ఐ. పిస్టల్ తూటా పేరు .32 ఏసీపీ, మరో పేరు 7.65 బ్రౌనింగ్. జాన్ బ్రౌనింగ్ బెల్జియంలోని ఎఫ్.ఎన్. కంపెనీ పిస్టల్ కోసం పంతొమ్మిదో శతాబ్దం చివర్లో దీన్ని రూపొందించాడు. కేసు పొడవు సుమారు 17 మి.మీ. అంచు చిన్నది. గరిష్ఠ పీడనం 20,500 పి.ఎస్.ఐ.

రెండు కేసుల లావు దాదాపు సమానం. అందువల్ల పొట్టి పిస్టల్ తూటా చాలా రివాల్వర్ సిలిండర్లలోకి జారి కూర్చుంటుంది. దాని చిన్న అంచు ఎలాగోలా ఆగితే పేలనూ పేలుతుంది. పీడనం మాత్రం రివాల్వర్‌కు పెట్టిన హద్దును మూడో వంతుకు పైగా దాటుతుంది. కాన్పూరు .32 రివాల్వర్ బ్రిటిష్ వెబ్లీ నాలుగో మార్కు నమూనాలో మధ్యకు విరిగి తెరుచుకునే రకం. పై పట్టీని, బ్యారెల్‌ను ఫ్రేముకు పట్టి ఉంచేవి ఒక కీలు, ఒక గొళ్లెం మాత్రమే. పీడనం పెరిగితే ముందు అరిగేవి, వదులయ్యేవి ఆ రెండే. పేలిన వెంటనే ఏమీ కాకపోయినా, కీలు వదులై సిలిండర్‌కు, బ్యారెల్‌కు మధ్య సందు పెరుగుతూ పోతుంది.

తూటా లోపలికి వెళ్లడాన్ని బట్టి అది ఆ తుపాకిదే అనుకోకూడదు. ఈ విషయమంతటికీ మూలసూత్రం అదే. తూటా అడుగున చెక్కిన పేరు, తుపాకి బ్యారెల్ మీద చెక్కిన పేరు అక్షరం పొల్లుపోకుండా కలిసినప్పుడే ఆ రెండూ ఒకదానికొకటి సరిపోయినట్టు.

అచ్చు ఒకేలా ఉండే తూటాలు

ఇలాంటి చిక్కులు ప్రపంచమంతటా ఉన్నాయి. 1896 నాటి మౌజర్ పిస్టల్‌కు 7.63 మౌజర్ తూటా ఉంది. భారత్‌లో .30 బోరు లైసెన్సు మీద ఇలాంటి పాత మౌజర్లు కొన్ని మిగిలాయి. సోవియట్ యూనియన్ 1930లలో తన టోకరేవ్ పిస్టల్‌కు దాదాపు అదే కొలతలతో 7.62 తూటా తెచ్చింది. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కానీ సైన్యం కోసం చేసిన టోకరేవ్ తూటాలో మందు మోతాదు ఎక్కువ. నూరేళ్లు దాటిన మౌజర్‌లో దాన్ని పేలిస్తే బోల్టు, దాన్ని ఆపే మెట్టు దెబ్బతింటాయి.

అమెరికాలో 1900 నాటి .38 ఆటో తూటా కొలతలతోనే 1929లో .38 సూపర్ తూటా వచ్చింది. మొదటి దాని హద్దు 26,500 పి.ఎస్.ఐ., రెండోదానిది 36,500. తొలినాటి కోల్ట్ పిస్టళ్లలో .38 సూపర్ వాడొద్దని కంపెనీలు, నిపుణులు నేటికీ హెచ్చరిస్తూనే ఉన్నారు.

1935లో .357 మాగ్నం తూటా రూపొందించినప్పుడు తయారీదారులు ముందే జాగ్రత్తపడ్డారు. .38 స్పెషల్ కేసు కంటే దీని కేసును అంగుళంలో ఎనిమిదో వంతు పొడవు చేశారు. దాంతో 35,000 పి.ఎస్.ఐ. మాగ్నం తూటా, 17,000కి లెక్కకట్టిన పాత .38 రివాల్వర్‌లోకి వెళ్లదు. సిలిండరే అడ్డుపడి అపాయాన్ని తప్పిస్తుంది. .32 రివాల్వర్, .32 పిస్టల్ విషయంలో అలాంటి అడ్డు లేదు. వాడే మనిషే చూసుకోవాలి.

బ్రిటిష్ సైన్యం వాడిన .455 వెబ్లీ రివాల్వర్ల కథ అన్నిటికంటే పెద్ద హెచ్చరిక. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిగులు రివాల్వర్లు అమెరికాలో అమ్మినప్పుడు, సులువుగా దొరికే .45 ఏసీపీ తూటా పట్టేలా చాలావాటి సిలిండర్ల వెనుక భాగాన్ని చెక్కేశారు. .455 తూటా పీడనం సుమారు 13,000 పి.ఎస్.ఐ., .45 ఏసీపీ గరిష్ఠం 21,000. ఈ రివాల్వర్‌ను తయారీ సమయంలో ఒకటి రెండుసార్లు పరీక్షించడానికి వాడిన తూటా పీడనానికి, మామూలుగా కొట్టే .45 తూటా పీడనం దగ్గరదగ్గరగా ఉంటుంది. అలా చెక్కిన వెబ్లీ సిలిండర్లు కొన్ని వాడకంలోనే పగిలాయి.

ప్లస్ పి తూటాలు, 9 మి.మీ. పిస్టల్

తూటా పేరు చివర ప్లస్ పి అని ఉంటే, అదే తూటాను మామూలు హద్దు కంటే ఎక్కువ పీడనంతో నింపారని అర్థం. 9 మి.మీ. తూటాలో మామూలు హద్దు 35,000 అయితే ప్లస్ పి హద్దు 38,500. అంటే పది శాతం ఎక్కువ. .38 స్పెషల్‌లో 17,000 నుంచి 20,000కు, .45 ఏసీపీలో 21,000 నుంచి 23,000కు పెరుగుతుంది. ప్లస్ పి ప్లస్ అని రాసిన తూటాలకు అమెరికా ప్రమాణాల సంస్థ ఏ గరిష్ఠ హద్దునూ నిర్ణయించలేదు. తయారీదారు స్పష్టంగా అనుమతించిన కొత్త ఆయుధంలో తప్ప వాటిని వాడకపోవడమే మేలు.

మన దేశంలో 9 మి.మీ. నిషిద్ధ బోరు. సైన్యం, పోలీసులు వాడతారు గానీ మామూలు పౌరులకు లైసెన్స్ ఇవ్వరు. పోలీసులకు దశాబ్దాలుగా సుపరిచితమైన పిస్టల్ ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసిన 9 మి.మీ. 1ఎ. దీనికి మూలం 1935 నాటి బ్రౌనింగ్ హై పవర్. జాన్ బ్రౌనింగ్ 1926లో చనిపోయాక దియుదొనె సేవ్ ఆ రూపకల్పనను పూర్తిచేశాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కెనడాలో ఇంగ్లిస్ కంపెనీ తయారుచేసిన నమూనా మీద ఇషాపూర్ పిస్టల్ ఆధారపడింది. స్టెర్లింగ్ కార్బైన్ అనే సబ్‌మెషీన్ గన్‌కూ, ఈ పిస్టల్‌కూ ఒకే బోరు తూటా. కార్బైన్ బోల్టు బరువైనది. దానిలో బలమైన తూటా వేసినా నిలుస్తుంది. కొన్ని దేశాలు సబ్‌మెషీన్ గన్నుల కోసమే ప్రత్యేకంగా బలమైన 9 మి.మీ. తూటాలు చేశాయి కూడా. అలాంటివి చాలా కాలం పేలిస్తే పాత హై పవర్‌లో బ్యారెల్‌ను స్లైడ్‌కు బిగించే మెట్లు, అంటే లాకింగ్ లగ్గులు, ఫ్రేము అరుగుతాయి. 1990లలో ఇదే పిస్టల్‌ను .40 బోరుకు మార్చినప్పుడు ఎఫ్.ఎన్. కంపెనీ ఫ్రేమును మరింత బలంగా చేయవలసి వచ్చింది.

ఏ పిస్టల్ ఎక్కడ దెబ్బతింటుంది

అశని వంటి చిన్న .32 పిస్టళ్లలో బ్యారెల్‌నూ స్లైడ్‌నూ కలిపి బిగించే ఏర్పాటు ఉండదు. స్లైడ్ బరువు, స్ప్రింగు బలం ఈ రెండే తూటా కేసును ఛాంబర్‌లో నిలిపి ఉంచుతాయి. ఎక్కువ పీడనం వస్తే స్లైడ్ త్వరగా, వేగంగా వెనక్కి వస్తుంది. గుండు బ్యారెల్ దాటకముందే కేసు కొంత బయటికి వస్తుంది. ఉక్కు ఆసరా లేని ఆ చోట ఇత్తడి పగిలి, వేడి వాయువు మ్యాగజీన్ గుండా కిందికి, చేతి మీదికి దూకుతుంది. అలా జరగకపోయినా, స్లైడ్ ప్రతిసారీ ఫ్రేమును బలంగా గుద్దుకుని పగుళ్లకు దారితీస్తుంది.

లాకింగ్ ఉన్న పెద్ద పిస్టళ్లలో మొదట అరిగేవి బ్యారెల్ మీది లగ్గులు, వాటిని పట్టుకునే స్లైడ్ గాడులు, బ్యారెల్ కింది పిన్ను. రివాల్వర్‌లో సిలిండర్ గోడ అతి పల్చగా ఉండేది సిలిండర్‌ను ఆపే స్టాప్ గాడి కింద. పగులు అక్కడే మొదలవుతుంది. పై పట్టీ, బ్యారెల్ వెనుక అంచు, సిలిండర్ ఇరుసు తర్వాతి బలహీన స్థలాలు. సిలిండర్ బ్యారెల్‌కు సరిగ్గా ఎదురుగా ఆగకపోతే గుండు అంచు చెక్కుకుని, సీసపు తునకలు పక్కకు చిమ్ముతాయి.

ఉక్కు ఒక్క దెబ్బకు విరగకపోయినా, హద్దు దాటిన ప్రతి దెబ్బా లోపల ఒక సూక్ష్మమైన చీలికను కొంచెం పెంచుతుంది. అందుకే ‘పది తూటాలు పేల్చాను, ఏమీ కాలేదు’ అన్నది భద్రతకు రుజువు కాదు. పదకొండో తూటా ఏం చేస్తుందో ఆ పది చెప్పలేవు.

డబుల్ బ్యారెల్‌లోనూ ఇదే లెక్క

బ్యాంకు గార్డుల భుజాన, రైతుల ఇళ్లలో ఉండే 12 బోరు తుపాకులకూ ఇదే సూత్రం. పాత ఇంగ్లిష్ తుపాకులకు ఛాంబర్ పొడవు రెండున్నర అంగుళాలు, అంటే 65 మి.మీ. నేటి తూటాలు చాలావరకు 70 మి.మీ.వి. తూటా పొడవును పేలాక మూతి విప్పుకున్న కేసుతో కొలుస్తారు. పేలకముందు మడత పెట్టిన మూతితో 70 మి.మీ. తూటా పొట్టిగా ఉండి, 65 మి.మీ. ఛాంబర్‌లో హాయిగా కూర్చుంటుంది. పేలగానే మూతి విప్పుకోవడానికి చోటు చాలక బ్యారెల్ ఇరుకులోకి చొచ్చుకుపోతుంది. గుళ్లు ఆ ఇరుకు దారిన పోవలసి రావడంతో పీడనం హఠాత్తుగా ఎక్కుతుంది.

బ్యారెల్ కింది భాగంలో ముద్రలు చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. బిపి అక్షరాలు పాత తుపాకిమందుకు, ఎన్‌పి అక్షరాలు పొగరాని మందుకు పరీక్షించినట్టు గుర్తు. 1954 తర్వాతి బ్రిటిష్ తుపాకుల మీద ‘3 టన్నులు’, ‘3¼ టన్నులు’ వంటి అంకెలు చదరపు అంగుళానికి తట్టుకునే సాధారణ పీడనాన్ని చెబుతాయి. ఇనుము, ఉక్కు తీగలను మెలిపెట్టి చేసిన డమాస్కస్ బ్యారెళ్ల మీద సుడుల్లాంటి గీతలు కనిపిస్తాయి. వాటిలో నేటి తూటా వాడటమంటే ప్రాణంతో చెలగాటమాడటమే.

ఎండ, తేమ, యూరియా

ప్రమాణాల సంస్థలు పీడనాన్ని కొలిచేది సుమారు 21 డిగ్రీల సెల్సియస్ దగ్గర. పల్నాడులోని రెంటచింతల రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలకు పేరుపడిన ఊరు. మే నెలలో అక్కడ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. మూసిన కారు డ్యాష్‌బోర్డులో, రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ ఉంటుంది. వేడెక్కిన మందు త్వరగా మండుతుంది, పీడనం పెరుగుతుంది. నైట్రోగ్లిజరిన్ కలిసిన మందుల్లో ఈ తేడా మరింత కనిపిస్తుంది. చలికాలంలో హద్దులోపల ఉన్న బలమైన తూటా, ఎండలో కారులో రోజంతా ఉన్నాక అదే పాత పిస్టల్లో హద్దు దాటొచ్చు.

ఏళ్ల తరబడి వేడిలో ఉన్న మందు చెడిపోతుంది. నైట్రోసెల్యులోజ్ విచ్ఛిన్నమై ఆమ్లపు వాసన వస్తుంది. ఇత్తడి మీద ఆకుపచ్చ చిలుము పడుతుంది. అలాంటి తూటా బలహీనంగా పేలి గుండు బ్యారెల్ మధ్యలో ఇరుక్కుపోవచ్చు. అది గమనించకుండా మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే రెండో గుండుకు దారి ఉండదు, బ్యారెల్ ఉబ్బిపోతుంది, లేదా చీలిపోతుంది.

ఇత్తడికి మరో శత్రువు అమ్మోనియా. బ్రిటిష్ ఇండియాలో వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాల కేసులు ఎవరూ తాకకుండానే పగుళ్లు వారేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, కేసును సాగదీసేటప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, రెండూ కలిసి ఈ పగుళ్లకు కారణమని 1921లో తేలింది. కేసును తగిన వేడిలో కాసేపు ఉంచి ఆ బిగువు తీసేయడం పరిష్కారమైంది. మిరప, పత్తి రైతు ఇంట్లో ఈ సంగతి గుర్తుంచుకోదగ్గది. యూరియా బస్తాలు తడిస్తే అమ్మోనియా వస్తుంది. పశువుల కొట్టంలోనూ అదే వాయువు. ఎరువుల గది పక్కనో, కొట్టం మీది అటక మీదో ఉంచిన తూటాల కేసు మెడ దగ్గర వెంట్రుకంత పగులు వస్తే, పేలినప్పుడు వాయువు అక్కడి నుంచే వెనక్కి దూకుతుంది. తూటాలు పొడిగా, చల్లగా, ఎరువులకూ పశువులకూ దూరంగా, తాళం వేసిన పెట్టెలో ఉండాలి.

వాడబోయే ముందు

మొదటి పని లైసెన్స్ పుస్తకంలో రాసిన బోరు, బ్యారెల్ మీది బోరు, తూటా అడుగు మీది పేరు మూడింటినీ పక్కపక్కన పెట్టి చదవడం. రెండోది ప్రూఫ్ ముద్రలు చూడడం. అంతర్జాతీయ ప్రూఫ్ నియమాల్లో పిస్టళ్లను గరిష్ఠ పీడనం కంటే సుమారు 30 శాతం ఎక్కువ ఉన్న తూటాతో పరీక్షిస్తారు. ఆ 30 శాతం ఒకసారి పరీక్షకు ఇచ్చిన వెసులుబాటు. రోజూ వాడుకోవడానికి ఉంచిన నిల్వ కాదు.

మూడోది తయారీదారు మాట. పిస్టల్ ఏ తూటాకు చేశారో, ప్లస్ పి తూటా అనుమతించారో లేదో మాన్యువల్ చెబుతుంది. అనుమతి స్పష్టంగా లేకపోతే లేదనే అర్థం. చాలా పాత పిస్టళ్లు ప్లస్ పి అన్న మాట పుట్టకముందువి కాబట్టి వాటి మాన్యువల్లో ఆ ప్రస్తావనే ఉండదు. ఆ మౌనాన్ని నిరాకరణగానే తీసుకోవాలి.

నాలుగోది పరీక్ష. లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలరు లేదా తుపాకులు బాగుచేసే ఆర్మరర్ చేత స్ప్రింగు బిగువు, లగ్గుల అరుగుదల, రివాల్వర్ కీలు, సిలిండర్ కదలిక, బ్యారెల్ లోపలి తుప్పు చూపించుకోవాలి. పాత స్ప్రింగును మార్చడం చవకైన పని, ఫ్రేమును కాపాడే పని కూడా. అయితే గట్టి స్ప్రింగు వేస్తే ఎక్కువ పీడనపు తూటా వాడొచ్చు అనుకోవడం పొరపాటు. స్ప్రింగు స్లైడ్ వేగాన్ని తగ్గిస్తుంది గానీ ఛాంబర్ గోడ మందాన్ని పెంచదు. ఎన్నికల కోడ్ అమల్లో ఉన్నప్పుడు లైసెన్స్ ఆయుధాలను స్టేషన్‌లోనో డీలరు దగ్గరో అప్పగించడం పల్నాడు, ప్రకాశం ప్రాంతాల్లో అందరికీ అలవాటే. వారాలు, నెలలు గడిచి తిరిగి చేతికొచ్చిన తుపాకిని ముందు శుభ్రం చేసి, బ్యారెల్ లోపల అడ్డు లేదని చూసి, ఆ తర్వాతే నింపాలి.

పేల్చాక ఖాళీ కేసు కొన్ని సంగతులు చెబుతుంది. క్యాప్ చదునుగా నొక్కుకుపోవడం, దాని చుట్టూ మసి, కేసు అడుగు దగ్గర ఉబ్బు లేదా మెరిసే గీత, పక్క చీలిక, రివాల్వర్ నుంచి కేసులు బిగుసుకుని రాకపోవడం, పిస్టల్ నుంచి కేసు మామూలుకంటే చాలా దూరం ఎగిరిపడటం, ఇవన్నీ పీడనం ఎక్కువైన గుర్తులు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ తూటాలు ఆపేయాలి. శబ్దం బలహీనంగా వచ్చినా, చేతికి దెబ్బ తక్కువగా తగిలినా వెంటనే ఆగి, తుపాకిని ఖాళీ చేసి బ్యారెల్ చూడాలి. కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. చీలిన కేసు నుంచి వాయువు కంటికీ చేరవచ్చు.

చట్టం చెప్పేది

1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం ఆయుధాలు, తూటాలు తయారుచేయడం, మార్చడం, మరమ్మతు, పరీక్ష, ప్రూఫ్ చేయడం లైసెన్స్ లేకుండా నేరం. అందువల్ల వాడిన కేసుల్లో ఇంట్లో మందు నింపడం, ఛాంబర్‌ను తొలిపించి ఇంకో తూటా పట్టించడం, వర్క్‌షాపులో స్లైడ్ వెల్డింగ్ చేయించడం చట్టరీత్యా కుదరవు. పీడనం దృష్ట్యా కూడా ఇవే అన్నిటికంటే ప్రమాదకరమైనవి. మందు మోతాదులో చిన్న తేడా పీడనాన్ని ఎంత పెంచుతుందో ఊహకు అందదు. 2019 సవరణతో ఒక వ్యక్తి మూడు తుపాకులు ఉంచుకునే వీలు రెండుకు తగ్గింది. లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఆ రెన్యువల్‌కు వెళ్లే సమయాన్నే ఆర్మరర్ పరీక్షకూ కేటాయించుకుంటే ఐదేళ్లకు ఒక్కసారైనా పిస్టల్ ఒంటిని నిపుణుడి కన్ను చూసినట్టవుతుంది.

పాత పిస్టల్లో ఎక్కువ పీడనపు తూటాను సురక్షితంగా వాడే దారి ఒక్కటే. తయారీదారు ఆ తూటాను పేరుపెట్టి అనుమతించి ఉండాలి, ఆయుధం ఆరోగ్యంగా ఉందని నిపుణుడు తేల్చి ఉండాలి. ఈ రెండూ ఉంటే, అవసరమైనప్పుడు కొద్దిగా వాడుకోవచ్చు. రెండింటిలో ఏది లేకపోయినా ఆ పిస్టల్ పుట్టినప్పటి మామూలు తూటానే వాడాలి. ఆ తూటాను కూడా తట్టుకోలేనంత అరిగిపోయిన పిస్టల్‌ను పేల్చడం మానేసి, చట్టప్రకారం డీలరుకో పోలీసులకో అప్పగించడం సరైన నిర్ణయం. తాతల నాటి ఆయుధాన్ని ఇంటి గుర్తుగా దాచుకోవాలన్నా లైసెన్స్ ఉండాల్సిందే, తూటా లేకుండా ఉంచడమే క్షేమం.